శాంతించమన్న గొంతు

ఆ ఉదయానికి హెడ్‌సెట్ డిజైనరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పరికరాలు కొనాలో లేదో తేల్చే అతిథులొస్తారు. ఆమె తమ్ముడు కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుని, అందులో కనిపించే వాషింగ్ మెషీన్‌లో బట్టలు తిరగడం చూస్తాడు. మనసు కుదుటపడుతుంది. అతిథులు సరేనంటే అతను పగలంతా గడిపే కేంద్రానికి ఈ పరికరాలు వస్తాయి. ఆటిజం ఉన్న ఆ పాతికేళ్ళ తమ్ముడే దీన్ని మొదటినుంచీ పరీక్షిస్తున్నాడు. అతని షరతు ఒక్కటే: లోపల ఎవరూ మాట్లాడకూడదు.

కానీ ఆమె కంపెనీ డైరెక్టరుగారికి ఎక్కడైనా నిశ్శబ్దం కనబడితే అందులో తాను దూరకపోతే తోచదు. ముందురోజు చెప్పాపెట్టకుండా తన గొంతు రికార్డు చేయించి అందులో పెట్టించారు. గుండె వేగం పెరిగితే "శాంతించండి" అంటుంది. ఇంకా పెరిగితే ఇంకా గట్టిగా అంటుంది.

తమ్ముడు హెడ్‌సెట్ పెట్టుకున్నాడు, వెంటనే తీసి బల్లమీద పెట్టేశాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"మాట్లాడదన్నావుగా అక్కా. మాట్లాడుతోంది."

తనను అడక్కుండా ఇలాంటివి చేసేది డైరెక్టరుగారే. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవర్నడిగి పెట్టారు సార్?"

"నలుగురిలో ఏంటమ్మా ఆ కోపం! అబ్బాయికి పెట్టుకోవడం రాలేదంతే. ఇలా ఇవ్వు, నేను చూపిస్తా."

ఆయన హెడ్‌సెట్ తగిలించుకున్నారు. అందరూ తననే చూస్తున్నారన్న బెరుకో ఏమో, గోడమీది తెరపై ఆయన గుండె వేగం ఎగబాకింది.

"శాంతించండి," అంది స్పీకరు, గదంతా వినబడేలా.

"శాంతంగానే ఉన్నాను," అన్నారాయన.

అతిథులు కిసుక్కుమన్నారు. వేగం పెరిగింది.

"శాంతించండి!"

"ఉన్నానంటుంటే!"

ఆయన అరిచేకొద్దీ అది అరిచింది, అది అరిచేకొద్దీ ఆయన అరిచారు. రికార్డయిన సొంత గొంతు ఎవరికీ తమదిలా అనిపించదు కదా, డైరెక్టరుగారికీ అనిపించలేదు.

"ఎవడండీ వీడు, చెవిలో జోరీగలా! ముందు వీడి నోరు మూయించండి!"

"శాశ్వతంగానా సార్?" అంది డిజైనరు, పళ్ళ బిగువున.

"శాశ్వతంగా! మళ్ళీ నాకు వినపడకూడదు!"

అతిథుల సాక్షిగా వెలువడిన ఆజ్ఞ అది. ఆ ఉద్యోగంలో చేరాక ఆమె ఏ ఆజ్ఞనూ అంత కసిగా పాటించలేదు. ఆ గొంతును ఆనవాలు లేకుండా చెరిపేసింది.

డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ హెడ్‌సెట్ తీశారు. "ఎవడి గొంతది? వాణ్ణి ఇవాళే ఉద్యోగంలోంచి తీసేస్తాను!"

అందరూ నేలచూపులు చూశారు. అడిగిన ప్రశ్నకు జవాబివ్వకపోవడం తమ్ముడి దృష్టిలో అమర్యాద.

"మీదే," అని చెప్పి, హెడ్‌సెట్ అందుకుని పెట్టుకున్నాడు.

ఈసారి లోపల ఎవరూ మాట్లాడలేదు. అతని భుజాలు మెల్లగా వాలాయి. అతిథులు అక్కడికక్కడే సరేనన్నారు.

ఉద్యోగంలోంచి తీసేసే మాట మాత్రం డైరెక్టరుగారు మళ్ళీ ఎత్తలేదు.