ఖాళీలు లేని చేను

మా ఊరి ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, చేలన్నిటిలోకీ ఉమామహేశ్ చేనే వైరస్ సోకని ఆదర్శ క్షేత్రమని మొన్న పుష్యమాసంలో మైకు సాక్షిగా, శాలువా సాక్షిగా ప్రకటించారు. ప్రకటించిన వ్యవసాయాధికారి ఆ చేలోకి దిగలేదు. బూట్లకు మట్టి అంటుతుందని కాదు, ఆకులు నొచ్చుకుంటాయని అయ్యుంటుంది!

దాని పక్క అరెకరం నాది. నేను బడి ముఖం చూడలేదు. ఎరువు సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ అధికారి పంట మొదట్లో పంచిన కాగితాన్నే పదిసార్లు చదివాను. వైరస్ తెగులుకు మందు లేదనీ, ఆకు ముడుచుకున్న మొక్కను గడ్డతో సహా పీకి పూడ్చాలనీ, లేకుంటే పేనుబంక పురుగు ఆ తెగులును పక్క మొక్కకు మోస్తుందనీ అందులో ఉంది. నాకు బెంగ పట్టుకుంది. రోజూ తెల్లారగానే ఆకులు తిరగేసి చూసి, నలభై మూడు మొక్కలు పీకాను. మొగుణ్ణి, ఇద్దరు తమ్ముళ్లను కాటికి సాగనంపినదాన్ని. అయినా ఒక్కో మొక్క దగ్గర చెయ్యి ఆగేది. పీకినచోటల్లా ఖాళీ మిగిలింది.

ఉమామహేశ్ ఒక్క మొక్కా పీకలేదు. రోడ్డు మీదినుంచి చూస్తే చేను నిండుగా కనబడాలి కదా.

సన్మానం ముగించి అధికారి నా గట్టు మీదికి వచ్చాడు.

"ఇన్ని ఖాళీలేంటమ్మా? తెగులు తీవ్రత అధికంగా ఉన్నట్టుంది."

"తెగులున్నవి పీకేసినా సార్. మీ కాగితంలో అట్లనే ఉండాది."

"కాగితం చదివావా?" అన్నాడు, తాను ఇంకా చదవనివాడిలా ఆశ్చర్యపోతూ.

"పక్క చేను చూడండి సార్. ఆకులు దొప్పల మాదిరి ముడుచుకున్యాయి."

ఉమామహేశ్ శాలువా సర్దుకుని నవ్వాడు. "అది ముడత కాదు సోమక్కా. ఎండకు ఆకు నమస్కారం పెడతాండాది."

అధికారి ఆ మాట రాసుకున్నాడు. నా గట్టున 'వైరస్ సోకిన చేను' అని ఎర్ర అక్షరాల బోర్డు నాటించి వెళ్లాడు. ఏటా నా దగ్గర విత్తనం గడ్డలు కొనే బద్వేలు లక్ష్మన్న ఆ బోర్డు చూసి బండి కూడా దిగలేదు. నా ఏడాది తిండి ఆ విత్తనం మీదే.

గడ్డలు తవ్వేరోజు వచ్చింది. నా చేలో పిడికిలంత గడ్డలు పడ్డాయి. ఆదర్శ క్షేత్రంలో గోలీకాయలు పడ్డాయి.

మూడోనాడు మధ్యాహ్నం ఉమామహేశ్ మా పెరటి దారిన వచ్చాడు, శాలువా లేకుండా.

"అక్కా, వచ్చే పంటకు విత్తనం నీ గడ్డలే కావల్ల. పది మూటలు."

"నాది రోగపు చేను గదప్పా. బోర్డుండాది."

"బోర్డుదేముందక్కా. నీకూ నాకూ తెలీదా?"

"తెలిస్తే దాన్ని పీకి నీ గట్టున నాటి రా. మూటలు కట్టిస్తా."

ఉమామహేశ్ గడ్డల కుప్పను చూశాడు. రోడ్డు వైపు చూశాడు. నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నాటుతా గానీ అక్కా, రాతలు రోడ్డుకు కాకుండా చేను దిక్కుకు తిప్పి నాటితే సరిపోదా?"