అచ్చు వదలని పడవ

ఆ రోజు చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. పొద్దున్నే షెడ్డు తెరవాలి. అచ్చులోంచి పడవను తీయాలి. అంచులు అరగదీసి, కడిగి, బోటు క్లబ్బు మేనేజరు బండి తెచ్చే వేళకి సిద్ధంగా ఉంచాలి. వీటితోపాటు అక్క ఇంకో పని కూడా పెట్టుకుంది: సాయంత్రం దాకా తమ్ముడితో పోట్లాడకూడదు. తమ్ముడు గుమ్మంలో కనపడగానే ముందు ఆ పనే చెడింది.

"పడవ తీసే రోజు కూడా ఇప్పుడేనా రావడం?"

"వచ్చాగా అక్కా! ఈలోపు పడవేమన్నా లేచి వెళ్లిపోయిందా?"

నాన్న పోయి నాలుగు నెలలైంది. గాజునారతో, అంటే ఫైబర్‌గ్లాసుతో, పడవలు చేసే ఆ షెడ్డు ఇప్పుడు ఇద్దరిదీ. ఆయన ఉన్నప్పుడు నార పరవడం అక్క పని, ఇనప పనీ బండ్ల పనీ తమ్ముడివి. మిగతావన్నీ వాళ్లు వచ్చేసరికే అయిపోయి ఉండేవి. మిగతావి అంటే ఏమేమిటో అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఒకరి మీద ఒకరు చూపించుకుంటున్నారు.

ఆయన లేకుండా వాళ్లు చేసిన మొదటి పడవ ఇది. అచ్చు అంటే పడవ సరిగ్గా ఇమిడేంత తొట్టి. దాని లోపలి గోడలకి మైనం పట్టించి మెరుగు పెట్టాలి. ఆ మీద రంగు పూత. ఆ పైన గాజునార పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, గాలి బుడగ మిగలకుండా రోలరుతో అద్దాలి. అలా పొర మీద పొర. అడుగున వెనక వైపు, పడవలో చేరిన నీళ్లు వదలడానికి ఒక ఇత్తడి కడియం ఉంటుంది. అది ఎప్పటిలాగే అచ్చులో నిలబడి ఉంది. అక్క ఎప్పటిలాగే దాని చుట్టూ నార పరిచింది. అంతా గట్టిపడ్డాక పైకి ఎత్తితే పడవ వచ్చేస్తుంది. మైనం మరిచిపోతే మాత్రం పడవా అచ్చూ అతుక్కుపోతాయి. ఏదో ఒకదాన్ని కోయాల్సిందే. పడవ పోతే ఇంకోటి చేసుకోవచ్చు. అచ్చు మాత్రం ఒక్కటే, నాన్న తన చేత్తో తయారుచేసింది. అది పోతే షెడ్డుకి తాళం వేసుకోవడమే.

సాయానికి బావ వచ్చాడు. అక్క మొగుడు. లైబ్రరీలో ఉద్యోగం, గొంతు పెంచే అలవాటు లేదు. షెడ్డు సర్దడానికి ఆయన వచ్చిన రోజు నుంచే నాన్న స్పానరు కనపడటం లేదని తమ్ముడి ఫిర్యాదు.

"బావా, ఇవాళైనా గుర్తొచ్చిందా, ఎక్కడ పెట్టావో?"

"నేను చూడనే లేదయ్యా దాన్ని."

"చూడకుండానే పారేశావన్నమాట."

కొయ్య చీలలు అంచుల వెంట దిగగొట్టారు. ముందు భాగం టక్కుమని వదిలింది. పక్కలు వదిలాయి. వెనక భాగానికి వచ్చేసరికి పడవ మొండికేసింది. తమ్ముడు రబ్బరు సుత్తితో చుట్టూ కొట్టాడు. అక్క లాక్కుని ఇంకా గట్టిగా కొట్టింది. కదల్లేదు.

"మైనం సరిగ్గా పట్టించావా?" అంది అక్క.

"నేనా? పట్టించింది నువ్వు కదా!"

"నేనెందుకు పట్టిస్తానురా? మీద కప్పిన పట్టా తీసేసరికి అచ్చు అద్దంలా మెరుస్తోంది. నువ్వే చేసి పెట్టావనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా! నువ్వు చేశావనుకునే కదా రంగు కొట్టేశాను!"

బావ నెమ్మదిగా అన్నాడు: "అంటే ఎవరూ పట్టించలేదన్నమాట."

"మిమ్మల్నెవరు అడిగారండీ?" అంది అక్క.

"నువ్వూరుకో బావా!" అన్నాడు తమ్ముడు. ఆయన్ని కసరడంలో మాత్రం అక్కాతమ్ముళ్లకి ఎప్పుడూ పేచీ రాలేదు.

అంచు సందులోకి నీళ్లు వదిలితే పడవ తేలుతుందని తమ్ముడు గొట్టం పెట్టాడు. పడవ తేలలేదు. నీళ్లు పొంగి, నేల మీద పారి, గోడ వారన ఉన్న గాజునార చుట్టల వైపు బయల్దేరాయి. తడిస్తే ఆ నార దేనికీ పనికిరాదు. అక్క చుట్టల్ని ఎత్తి బల్ల మీద పడేస్తూ తమ్ముణ్ని తిట్టింది. తమ్ముడు గొట్టాన్ని తిట్టాడు. బావ బకెట్టూ గుడ్డా పట్టుకుని అచ్చు కిందికి దూరాడు.

ఠంగుమని చప్పుడు. "అమ్మా!"

"ఏమైంది?"

"తలకి తగిలింది."

"చూసుకుని తుడవండి. కళ్లజోడు ఎందుకుంది?"

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు, తెల్లటి ఇస్త్రీ బట్టల్లో. "ఏమ్మా, సిద్ధమేనా? రేపు పొద్దున్నే క్లబ్బు తెరుస్తున్నాం. పడవ లేకుండా నన్ను వెనక్కి పంపించకండి" అన్నాడు.

"అయిపోయింది సార్, ఒక్క నిమిషం" అన్నాడు తమ్ముడు. అక్క వాడి వైపు చూసిన చూపుకి మైనమైతే కరిగిపోయేది.

ఈసారి సందులోకి గాలి కొట్టారు. కంప్రెసరు గొట్టం కాసేపు బుద్ధిగానే ఉంది. తర్వాత తమ్ముడి చేతిలోంచి జారి, తోక తొక్కిన పాములా గింగిరాలు తిరిగి, మూలన పోగుపడ్డ గాజు పొడిలో దూరింది. మేనేజరు ఉన్నచోట ఒక తెల్లటి మబ్బు లేచింది. మబ్బు తేలిపోయాక ఆయన మెడ గోక్కుంటూ కనిపించాడు.

"గోక్కోకండి సార్" అంది అక్క. "గోక్కుంటే ఇంకా లోపలికి పోతుంది."

"గోక్కోకపోతే ఎలాగమ్మా!"

"చొక్కా దులుపుకోండి."

ఆయన దులుపుకున్నాడు. పైన ఉన్నదంతా లోపలికి పోయింది. అచ్చు కింద మళ్లీ ఠంగుమంది. ఈసారి ఏమైందని ఎవరూ అడగలేదు.

"ఇక చైను వేసి లాగడమే" అన్నాడు తమ్ముడు. పైదూలానికి చైన్‌పుల్లీ తగిలించి, పడవకి ముందూ వెనకా పట్టీలు వేశాడు. బావని ఇవతలికి రమ్మని చైను లాగడం మొదలుపెట్టాడు. పడవ లేచింది.

"వస్తోంది, వస్తోంది!" అని మేనేజరు ఒక చేత్తో తొడ చరిచాడు. రెండో చెయ్యి వీపు మీద పనిలో ఉంది.

పడవతోపాటు అచ్చు లేచింది. అచ్చుతోపాటు ఇనప స్టాండు లేచింది. దూలం కిర్రుమంది. పైకప్పు రేకు ఒకటి వంగి, ఎప్పటి వాననీళ్లో దాచుకున్నవన్నీ తెచ్చి తమ్ముడి నెత్తిన పోసింది.

"దించరా! షెడ్డు కూలుస్తావా ఏంటి?"

దించాడు. తలా ముఖమూ తుడుచుకోకుండానే కటింగ్ మిషను తెచ్చి వైరు గోడకి తగిలించాడు. కొత్తగా చేరిన నీళ్లు చూసి బావ నిట్టూర్చి మళ్లీ అచ్చు కిందికి వెళ్లాడు.

"ఏం చేస్తున్నావు?"

"పడవ వెనక భాగం కోసేస్తా."

"బ్లేడు కాస్త జారిందంటే అచ్చుకి తగులుతుంది. అది నాన్న అచ్చురా!"

"నాన్న అచ్చు, నాన్న అచ్చు! నాకేమన్నా పక్కింటాయనా నాన్న?"

"ఆయనుంటే ఇలా అయ్యేదా?"

"లేడుగా! లేడు కాబట్టే కోస్తున్నా!"

అక్క వెళ్లి అచ్చుకి అడ్డంగా నిలబడింది. తమ్ముడు మిషను ఆన్ చేశాడు. అది పెద్దగా రొద పెట్టింది. వాడు ముందుకి రాలేదు, ఆవిడ పక్కకి తప్పుకోలేదు. ఇద్దరి ముఖాలూ తడిసి ఉన్నాయి. తమ్ముడివి వాననీళ్లు.

ఆ రొదలో కూడా ఠంగుమన్న చప్పుడు వినపడింది.

బావ అచ్చు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. పెళ్లయ్యాక ఆయన అరవడం అక్క వినడం అదే మొదటిసారి. "మూడోసారి! ఇది మూడోసారి! పొద్దుట్నించీ ఒకటే చోట! ఈ షెడ్డులో నా తలకి తప్ప ఇంకెవరికీ పని లేదా?"

అక్క ఆయన్ని కూడా తిట్టడానికే తిరిగింది. నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. బావ నుదుటి నడుమ ఎర్రగా ఒక ముద్ర. గుండ్రంగా లేదు. దానికి ఆరు మూలలున్నాయి.

"ఏమండీ" అంది, "మీ నుదుటి మీద బోల్టు తల ఉందేమిటి?"

తమ్ముడు మిషను ఆపాడు. ముగ్గురూ తడి నేల మీద వెల్లకిలా పడుకుని, అచ్చు కిందికి జరిగి పైకి చూశారు. వెనక భాగంలో, ఇత్తడి కడియానికి సరిగ్గా కింద, అచ్చులోంచి పైకి ఒక బోల్టు బిగించి ఉంది. కడియం కదలకుండా నిలబెట్టింది అదే. ఇప్పుడు కడియం పడవలో ఒక భాగం కాబట్టి, పడవని అచ్చుకి పట్టి ఉంచిందీ అదే. పడవ అతుక్కోలేదు. దానికి బోల్టు బిగించి ఉంది. పక్కనే స్టాండుకి కొట్టిన మేకుకి, నాన్న స్పానరు వేలాడుతోంది. దాని పక్కన ఆయన పాత చొక్కా చెయ్యి ఒకటి, మైనంతో బిరుసెక్కి ఉంది.

బావ స్పానరు వైపు చూశాడు. తర్వాత తమ్ముడి వైపు చూశాడు. ఏమీ అనలేదు. లైబ్రరీ అలవాటు.

తమ్ముడు బోల్టు విప్పాడు. గ్రీజు రాసి ఉంది, చేత్తోనే తిరిగింది. ఈసారి చైను అక్కర్లేదు. నలుగురూ తలో మూలా పట్టుకుని ఎత్తితే పడవ లేచి వచ్చింది. ఖాళీ అచ్చు అద్దంలా మెరిసింది. ఎక్కడా గీత లేదు.

ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు సాయంత్రం నాన్న షెడ్డులో ఒక్కడే చాలాసేపు ఉన్నాడు. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. మైనం పట్టించాడు, మెరుగు పెట్టాడు, కడియం బిగించాడు, పట్టా కప్పాడు. వచ్చాక పడవ మొదలుపెడదామనుకున్నట్టున్నాడు.

అక్క అచ్చు అంచు పట్టుకుని లోపలికి వంగి, పొద్దుటినుంచీ ఎవరి మీదా అరవనంత గట్టిగా అరిచింది. "ఒక్క మాట చెప్పొచ్చు కదా! కింద బోల్టుందని ఒక్క మాట!"

"ఎప్పుడన్నా ఏదన్నా చెప్పాడా?" అన్నాడు తమ్ముడు. "అన్నీ తనే చేసుకోవాలి. పొద్దున్నే వచ్చేసి, విప్పేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి!"

"నొప్పి కూడా చెప్పలేదు."

"అదీ చెప్పలేదు!"

నాలుగు నెలల తర్వాత ఇద్దరికీ కలిసి కోప్పడటానికి ఒక మనిషి దొరికాడు. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. మేనేజరు గోక్కోవడం మరిచిపోయి చూశాడు.

"ఎవర్నండీ తిడుతున్నారు?"

"మా నాన్నని."

"ఆయన పోయారన్నారు కదా?"

"పోయారు" అంది అక్క. "అందుకే తిడుతున్నాం."

పడవ కడిగి బండెక్కించేసరికి సాయంత్రమైంది. మళ్లీ ఇలా జరగకుండా ఆ బోల్టు పక్కన ఎర్ర రంగుతో పెద్ద గుర్తు పెట్టాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్క పెడుతుందని తమ్ముడు అనుకున్నాడు, తమ్ముడు పెడతాడని అక్క అనుకుంది. తర్వాతి పడవ తీసే రోజు బావ లైబ్రరీకి సెలవు పెట్టలేదు.