దాలినాయుడు హ్యాంగ్ అయిన సంగతి

గాజువాకలో లారీ కాటాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, మంగళవారం పొద్దున ప్రోగ్రాం హ్యాంగ్ అయినప్పుడు దాన్ని రాసిన దాలినాయుడు కూడా దానితో పాటే హ్యాంగ్ అయ్యాడు. చేతివేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నోరు సగం తెరుచుకుని ఉంది. మొహం మీద సున్నం నీళ్ళు చల్లినట్టు ఒక తెల్లటి పొర కమ్మింది. ముక్కుకి జానెడు దూరంలో గాలిలో నీలం రంగు చక్రం ఒకటి తిరగసాగింది. నెత్తి మీద, బట్టతల మొదలైన చోటుకి కొంచెం పైన, ‘స్పందించడం లేదు’ అన్న అక్షరాలు కనబడ్డాయి.

పక్క సీట్లవాళ్ళు చూసి, తమ ఫైళ్ళు సేవ్ చేసుకున్నారు. మేనేజరు కూర్మారావు వచ్చి, చక్రం తిరుగుతోందా లేదా అని వంగి చూసి, తిరుగుతోందని తృప్తి పడ్డాడు. చక్రం తిరుగుతున్నంతసేపు మనిషి లోపల ఏదో పని చేస్తున్నట్టే లెక్క. హాజరు విషయంలో చిన్న సందేహం వచ్చింది కానీ, మనిషి సీట్లోనే ఉన్నాడు కాబట్టి హాజరు వేశారు. రెప్ప వెయ్యకపోవడం సెలవు కిందికి రాదు.

మధ్యాహ్నానికి అతని భార్య హైమవతి ఆఫీసుకి వచ్చింది. ఆవిడ గోపాలపట్నంలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. ఆవిడకి హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది, పోస్టు మాత్రం దూరంగా కొండల మీదున్న పాడేరులో. ఒప్పుకోవాలో వద్దో ఆ వారంలోనే తేల్చి చెప్పాలి. భర్తని ఒక మాట అడుగుదామని పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉంది.

“ఏవండీ, పాడేరు వెళ్ళమంటారా, వద్దంటారా?” అని అతని ఎదురుగా నిలబడి అడిగింది.

చక్రం తిరిగింది.

“పాడేరు సంగతండీ,” అని భుజం తట్టింది. మొహం మీది తెలుపు ఇంకాస్త చిక్కబడింది.

“అలా మళ్ళీ మళ్ళీ అడక్కండమ్మా,” అన్నాడు కూర్మారావు. “మీరు అడిగినవన్నీ లోపల వరసలో నిలబడిపోతాయి. అడిగినకొద్దీ బరువు పెరుగుతుంది.”

“మరి ఏం చెయ్యాలి?”

“రెండే దారులమ్మా. ఆగి చూడ్డం, లేదా మూసేసి మళ్ళీ తెరవడం. మూసేస్తే వెంటనే సెట్ అయిపోతాడు. కాకపోతే సేవ్ చెయ్యనివన్నీ పోతాయి.”

హైమవతి భర్త మొహంలోకి చూసింది. ఏవి సేవ్ అయ్యాయో, ఏవి కాలేదో ఆవిడకే కాదు, ఎవరికీ తెలిసే వీలు లేదు. పెళ్ళి, పిల్లది పుట్టడం, ఇంటి అడ్రసు, ఇవన్నీ ఎక్కడైనా భద్రంగా ఉన్నాయో లేక ఊరికే తలలో తిరుగుతున్నాయో.

“ఆగి చూస్తాను,” అంది.

కూర్మారావు పద్ధతి ప్రకారం ప్రోగ్రామర్ల సహాయ బృందంలో ప్రశ్న పెట్టాడు. ఆ బృందంలో రాష్ట్రమంతటి నుంచీ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళు ఉంటారు. ఒకరి కష్టం ఒకరు తీర్చుకోవడం దాని ఆశయం. ప్రశ్న పెట్టీ పెట్టగానే జవాబులు వచ్చాయి. ఏ వెర్షనో చెప్పకుండా సహాయం అడగడం మర్యాద కాదని ఒకాయన మందలించాడు. కూర్మారావు దాలినాయుడి వయసు చెప్పాడు. ఇంకొకాయన తన ఆఫీసులో ఇలాంటి మనిషే ఉన్నాడని, తన దగ్గర బాగానే పనిచేస్తున్నాడని రాశాడు. ఇదివరకే అడిగిన ప్రశ్న అంటూ మరొకాయన తణుకులో హ్యాంగ్ అయిన ఒక అకౌంటెంటు సంగతి చూపించాడు. వెళ్ళి చూస్తే ఆ ప్రశ్న కింద, ‘సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు’ అని మాత్రమే ఉంది. ఎలా తీరిందో ఆ అకౌంటెంటు రాయలేదు. అసలు దాలినాయుణ్ణి వేరే భాషలో మొదటినుంచీ రాసుకురావడమే మేలని నలుగురైదుగురు వాదించుకున్నారు. ఆ వాదన సాయంత్రం దాకా సాగింది.

అందరిలోకీ పనికొచ్చే మాట అడిగింది నంద్యాల నుంచి మస్తాన్ వలీ ఒక్కడే. అతను దాలినాయుడి భార్యతో మాట్లాడాలని ఆవిడ ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు.

“అక్కా, అన్న మామూలుగా రోజంతా ఏం చేస్తుంటాడు?”

“ఆఫీసు పని చేస్తారు. కాటా వాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడతారు. రైసు మిల్లు వాళ్ళు అరిస్తే వింటారు. మేనేజరు పిలిస్తే వెళ్తారు. ఇంటికొస్తే నేను చెప్పేది, అమ్మాయి చెప్పేది వింటారు. అత్తయ్యగారితో మాట్లాడతారు.”

“ఇవన్నీ ఒక్కడే చేస్తాడా?”

“ఒక్కరే ఉన్నారు కదా బాబూ.”

“అదే అక్కా తప్పు,” అన్నాడు మస్తాన్ వలీ, రోగం దొరికిన డాక్టరులా ఊపిరి వదిలి. “టిఫిన్ సెంటర్ అనుకోండి. గల్లాలో కూర్చున్నవాడే లోపలికెళ్ళి దోసె పోస్తే, బయట అడిగేవాడికి జవాబు చెప్పేదెవరు? దోసె కాలేదాకా గల్లా ఖాళీ. జనం హోటల్ మూసేశారనుకుంటారు. ఆలోచించే పనంతా వెనక్కి తోసెయ్యాలి. ముందు ఒకణ్ణి ఊరికే కూర్చోబెట్టాలి. వాడి పని వచ్చినవాళ్ళకి బదులు చెప్పడమే.”

మర్నాడు అతను ఆ మార్పు రాసి పంపాడు. కూర్మారావు దాన్ని దాలినాయుడికి ఎక్కించాడు. మొహం మీది తెలుపు పోయింది. చక్రం మాయమైంది. దాలినాయుడు కుర్చీ తిప్పి, చక్కగా నవ్వి, “చెప్పు హైమా,” అన్నాడు. హైమవతి కళ్ళు తుడుచుకుంది. బృందంలో ప్రశ్న పక్కన పచ్చ టిక్కు పడింది.

ఆ తర్వాత దాలినాయుడికి ఆఫీసులో మంచి పేరు వచ్చింది. మిల్లు వాళ్ళు ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తేవాడు. ఎంత తిట్టినా, “మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ, చూస్తున్నాను,” అనేవాడు. కాటా తూకం పాతికేళ్ళ నుంచీ తప్పే చూపిస్తోందని ఒక మిల్లు యజమాని అరిస్తే కూడా అదే మాట అన్నాడు. ఆ యజమాని మనసు కుదుటపడి, తప్పు తూకంతోనే ధాన్యం దించుకున్నాడు. కూర్మారావుకి ఇది ఎంత నచ్చిందంటే, ఆ మార్పుని ఆఫీసులో అందరికీ ఎక్కించి, చివర్లో తనూ ఎక్కించుకున్నాడు.

ఇంట్లో కూడా గొడవలు లేవు. హైమవతి మొదటిరోజే పాడేరు మాట ఎత్తింది.

“చాలా మంచి విషయం హైమా. నీకెలా బాగుంటే అలా చేద్దాం.”

“వద్దనుకుంటే?”

“అదీ మంచిదే. నువ్వు ఆలోచించే ఉంటావు.”

ఆవిడ కాసేపు అతన్నే చూసి, కూర గరిటె పక్కన పెట్టింది.

“నేను మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతున్నానండీ.”

“అర్థమైంది హైమా. చూద్దాం,” అన్నాడు దాలినాయుడు ఆప్యాయంగా, మజ్జిగ పోసుకుంటూ.

ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మస్తాన్ వలీకి ఫోన్ చేసింది.

“బాబూ, మాట్లాడుతున్నారు. కానీ మనిషి ఇక్కడ లేరు.”

“వెనకున్నాడక్కా. పని చేస్తున్నాడు.”

“మరి బయటికి ఎప్పుడొస్తారు?”

“వెనకాయన ఒక్కో పనీ అవగానే ముందుకొచ్చి చెప్పాలి. దానికి వేరే ఒక లైను రాయాలి. నేను రాయలేదక్కా. మామూలుగా ఎవరూ రాయరు. ముందువాడు నవ్వుతూ కూర్చుంటే, వెనకాయన్ని ఎవరూ అడగరు.”

“నేను అడుగుతున్నాను కదా.”

“మీరే మొదటివాళ్ళు,” అన్నాడు మస్తాన్ వలీ. తర్వాత గొంతు తగ్గించి, “నిజం చెప్పాలంటే, మీతో మాట్లాడుతున్నది కూడా ముందువాడే అక్కా. నేను వెనక్కి వెళ్ళి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లోవాళ్ళు ఇంకా గమనించలేదు,” అన్నాడు.

ఆ లైను రాసివ్వమని ఆవిడ పట్టుబట్టింది. అతను రాసిచ్చాడు. కూర్మారావు దాన్ని ఎక్కించలేదు. బాగా నడుస్తున్నదాన్ని కదపకూడదన్నది కంపెనీ నియమం. కూర్మారావులో ముందున్నవాడు మాత్రం, “మీ బాధ నాకు అర్థమైందమ్మా,” అన్నాడు. హైమవతి ఇంటికొచ్చి, ఆ లైను కాగితం మీద రాసి భర్త ముందు పెట్టి, ఎక్కించుకోమంది. అతను అలాగే అని ఎక్కించుకున్నాడు. ఏం చెప్పినా అలాగే అనే స్థితిలో ఉండటం ఆ ఒక్కదానికి కలిసొచ్చింది.

గడువు దగ్గర పడినా జవాబు రాలేదు. చివరికి హైమవతి తనే ఒప్పుకుని సంతకం పెట్టి, పాడేరు వెళ్ళి చేరింది. కాలేజీలో చదివే కూతురు తండ్రి దగ్గరే ఉండిపోయింది. నాన్న ఇంత ఓపికగా ఎప్పుడూ లేడని ఆ అమ్మాయి ఫోన్లో చెప్పింది. పాడేరు స్కూల్లో మిగతా టీచర్లు హెడ్ మేడంని చూసి ముచ్చటపడేవారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోకుండా ఎత్తే మొగుడు తమకెవరికీ లేడు. అలాంటి మార్పు ఎక్కడ దొరుకుతుందని ఇద్దరు మెల్లగా వాకబు కూడా చేశారు.

చలి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం దాలినాయుడు బస్సెక్కి పాడేరు వచ్చాడు. ఇల్లు బాగుందన్నాడు, కాఫీ బాగుందన్నాడు, చలి కూడా బాగుందన్నాడు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి ఆగాడు. నవ్వు జారిపోయింది. మొహం అలిసిపోయి, ఒక్కసారిగా నిజమైన వయసుకి వచ్చింది. ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

“హైమా, స్టవ్ కొత్తది కొందామా అని అడిగావు కదా. ఆలోచించాను. బర్నరు మారిస్తే ఇంకో ఏడాది వస్తుంది. కానీ పొద్దున్నే నువ్వు దాంతో పడే అవస్థ చూశాను. కొనేద్దాం.”

హైమవతి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాట అడిగింది మద్దిలపాలెంలో అద్దెకున్నప్పుడు, పెళ్ళయిన కొత్తలో. అప్పుడు అతను ఊఁ అని పేపరు తిప్పాడు. ఆ స్టవ్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్ళిపోయింది.

“పాడేరు సంగతి చెప్పండి,” అని ఆవిడ గబగబా అతని చెయ్యి పట్టుకుంది. “నేను ఇక్కడికి రావడం మీకు ఇష్టమేనా?”

అప్పటికే నవ్వు వచ్చేసింది. “పాడేరు చాలా బాగుంది హైమా.”

ఆ సాయంత్రం మస్తాన్ వలీ ఫోన్లో వివరించాడు. వెనకాయన వచ్చినవి వచ్చిన వరసలోనే తీస్తున్నాడు. పెళ్ళినాటి నుంచీ అడిగినవన్నీ ఉన్నాయి. దేన్నీ పారెయ్యలేదు. ప్రతిదాన్నీ కూర్చుని నిజంగానే ఆలోచిస్తున్నాడు, అందుకే ఆలస్యం. పాడేరుని ముందుకి జరపడానికి వీల్లేదు, వరస తప్పితే మొత్తం ఆగిపోతుంది.

సంక్రాంతి సెలవులు దాటాక ఇంకో జవాబు వచ్చింది. ఈసారి ఫోన్లోనే, మధ్యలో గొంతు మారింది. “మీ నాన్నగారి కంటి ఆపరేషన్‌కి తోడు రమ్మన్నావు. నేను సెలవు పెడతాను. ఆయన్ని ఆ ఆసుపత్రి మెట్లు ఒక్కరినే ఎక్కనివ్వద్దు. ఏ రోజో చెప్పు.”

ఆవిడ తండ్రి పోయి చాలా కాలమైంది. ఆ ఆపరేషన్‌కి ఆవిడే సెలవు పెట్టుకుని తీసుకెళ్ళింది. హైమవతి ఆ సంగతేమీ అనలేదు.

“గురువారం అండీ,” అంది.

“వస్తాను,” అన్నాడు. ఆ తర్వాత నవ్వు గొంతు వచ్చి, పాడేరులో వాతావరణం ఎలా ఉందని అడిగింది.

లెక్కల టీచరు కాబట్టి ఆ రాత్రి ఆవిడ మనసులోనే అంచనా వేసుకుంది. ఇదే వేగంతో నడిస్తే పాడేరు ప్రశ్న తన రిటైర్మెంటు తర్వాత ఎప్పుడో వస్తుంది. ఆ పైన అడిగినవాటికి ఇద్దరి ఆయుష్షూ చాలకపోవచ్చు. ఆ రోజు నుంచి ఆవిడ భర్తని కొత్తగా ఏమీ అడగడం మానేసింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తిన్నానని, పడుకుంటున్నానని, వెనక ప్రశ్న లేని మాటలు మాత్రమే చెప్పి పెట్టేస్తుంది. వాళ్ళు చాలా అన్యోన్యంగా ఉంటారని స్టాఫ్ రూములో అందరూ అంటారు.