అప్పలసూరి బుర్రలో ఉన్నదంతా

ఆ సోమవారం ఉదయం భీమశంకరరావు ఆటోనగర్‌లోని తన పంపుల రిపేరు షెడ్డుకు అరగంట ముందే వచ్చాడు. అంతకుముందు రెండు రోజులు టౌను హోటల్లో మేనేజిమెంటు తరగతులకు వెళ్లాడు. అక్కడ విన్న ఒక్క మాట తలకెక్కింది: ఒక మనిషికి తెలిసింది ఆ మనిషితోనే పోతుంది, కంపెనీ మొత్తానికి తెలిసిందే కంపెనీని గెలిపిస్తుంది. స్టీల్‌ప్లాంటు కడుతున్న ఒక కాంట్రాక్టరు తన పంపులన్నీ ఒకే షెడ్డుకు అప్పగిస్తానంటున్నాడు. ఎదురు షెడ్డు వాళ్లు కాచుకుని ఉన్నారు. తన షెడ్డుకు తెలిసిందంతా హెడ్‌ఫిట్టరు అప్పలసూరి బుర్రలోనే ఉంది.

టైపిస్టు కాంతాన్ని పిలిచాడు. “అప్పలసూరి పక్కన కూర్చుని అతనేం చేస్తే అది రాయండి. ఎందుకో మాత్రం చెప్పకండి, సిగ్గుపడతాడు.”

కాంతం స్టూలూ నోటుబుక్కూ తీసుకుని వెళ్లింది.

“ఏటి రాత్తన్నారమ్మా?” అన్నాడు అప్పలసూరి.

“మీరు చేసేదంతా.”

“ఎందుకూ?”

“చెప్పొద్దన్నారు.”

అప్పలసూరి చేతిలో స్పానరు ఆగిపోయింది. ఆ పూట నుంచి రాయదగ్గ పని ఒక్కటీ చేయలేదు. కాంతం నిజాయితీగా అదే రాసుకుంది. శుక్రవారానికి నోటుబుక్కు నిండింది. భీమశంకరరావు దాన్ని తెరవకుండానే మురిసిపోయి, అట్ట వేయించి బీరువాలో పెట్టాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర లేతు మిషను పనివాడు వరహాలు తేల్చేశాడు. “బావా, ఆ పుస్తకంల నీ మీద సార్జిసీటు తయారవతంది. నీ పని ఇంకోడికి నేర్పి నిన్ను తీసెత్తారు.”

“నానేటి సేసాన్రా?”

“నువ్వే మాకందరికీ నేర్పీ. పదకొండు మందికీ వొచ్చీసాక ఎవుడికోసం నిన్ను తీత్తాడు?”

ఈ లెక్కలో ఏదో తేడా ఉందని ఎవరికీ తోచలేదు. ఇరవై ఏళ్లుగా ఎవరైనా తొంగిచూస్తే వీపు తిప్పేసే అప్పలసూరి, షెడ్డు వెనక పాత పంపు ముందు పెట్టుకుని చెప్పడం మొదలెట్టాడు. “ఈ ఇరుసు సుట్టూ ఉన్న బిళ్ల, గ్లాండు, మరీ బిగించీకండ్రా. సుక్క సుక్కగా నీరు కారాల. నేకపోతే లోపలున్న తాడు కాలిపోద్ది.”

కిటికీలోంచి ఆ గుంపును భీమశంకరరావు చూశాడు. యూనియన్ పెడుతున్నారనుకుని, మంచి చేసుకుందామని అందరికీ టీ పంపించాడు.

“అయిపోనాది బావా,” అన్నాడు వరహాలు. “సాగనంపే ముందే ఇలాటి మర్యాదలు సేత్తారు.”

పాఠాలు రెట్టింపయ్యాయి. వారం తిరిగేసరికి అప్పలసూరి భయం పట్టలేక, పనిలోంచి తీసేసిన కాగితం చేతికి అందకుండా దువ్వాడలో చెల్లెలింటికి వెళ్లి దాక్కున్నాడు.

సరిగ్గా ఆనాడే కాంట్రాక్టరు దగ్గరి ఇంజినీరు శ్రీనివాసరావు ఒక పంపు తెచ్చి దించాడు. ఎదురు షెడ్డులో మూడుసార్లు బాగుచేసినా మూడుసార్లూ కాలిందట. భీమశంకరరావు బీరువా తెరిచి నోటుబుక్కు తీశాడు. ‘తొమ్మిదీ పదికి స్పానరు తీశాడు. తొమ్మిదింబావుకి కింద పెట్టాడు. గోడ వైపు చూశాడు.’ పేజీ తిప్పాడు. ‘ఇంకా గోడ వైపే చూస్తున్నాడు.’

ఆయన కుర్చీలో కూలబడి చివరి పేజీ దాకా తిప్పేసరికి బయట పంపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“నీళ్లు కారుతున్నాయే!” అంటున్నాడు ఇంజినీరు.

“కారాల సార్,” అన్నాడు వరహాలు. “కారితేనే సల్లగుంటాది. ఆళ్లు బిగించీసి కాల్చీసారు.”

ఇంజినీరు రెండు గంటలు అక్కడే నిలబడి మాటిమాటికీ చెయ్యిపెట్టి చూశాడు. పంపు వేడెక్కలేదు. పనంతా ఈ షెడ్డుకే రాసిచ్చి వెళ్లాడు.

“ఇదంతా నీకెవరు నేర్పారు?” అన్నాడు భీమశంకరరావు.

“బావే, మాకందరికీ నేర్పీసేడు. ఆడ్ని తీసీకండి బాబూ!”

“నేనెందుకు తీస్తాను? మీరు యూనియన్ పెట్టడం లేదూ?”

“యూనియనా? మాకా ఊసే తట్టనేదు బాబూ!”

ఆయన స్కూటరు మీద దువ్వాడ వెళ్లి, పెరటి దారిన జారుకోబోతున్న అప్పలసూరిని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు.

మరుసటి నెల ‘మా కంపెనీకి నేను నేర్పిన విధానం’ మీద భీమశంకరరావు అదే హోటల్లో పూటంతా ఉపన్యసించాడు. ఆయన లేని ఆ పూట షెడ్డులో రెండు పంపులు ఎక్కువ రిపేరయ్యాయి.