ఇతరములు

‘శూన్యయానం’ ధారావాహికను చూస్తున్న వారి సంఖ్య నిన్న సాయంత్రం ఆరు గంటలకు ఒకటికి చేరుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

ఈ ప్రకటనను మా టీవీ కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించింది నేనే, రాసిందీ నేనే. నివేదికలు రాయడం నా ఉద్యోగం. ‘సంతోషిస్తున్నాము’ అన్న మాట మాత్రం నాది కాదు. డైరెక్టరుగారు ఎర్ర సిరాతో చేర్చారు. ఆయన ఏ వార్తకైనా సంతోషించగలరు. ఆ గుణం వల్లే అంత పైకొచ్చారని ఆఫీసులో అందరూ ఒప్పుకుంటారు.

శూన్యయానం గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. పదకొండేళ్ల క్రితం మీరంతా చూసినవారే. అప్పట్లో మా అంతరిక్ష నౌక అట్టపెట్టెలతో చేసింది. మీటలు సోడా సీసాల మూతలు. నౌక బయల్దేరేటప్పుడు వచ్చే హోరు పక్కవీధి పిండిమరది. మర ఆడే వేళకే షూటింగు పెట్టుకునేవాళ్లం. సాయంత్రం ఆరయ్యేసరికి వీధులు బోసిపోయేవి. సెలూన్లో గడ్డం గీసేవాడూ గీయించుకునేవాడూ ఇద్దరూ టీవీ వైపే తిరిగిపోవడంతో సగం గడ్డాల మనుషులు ఆరున్నరదాకా కుర్చీల్లోనే ఉండిపోయేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఇంత ఆదరణ లభించాక చేతులు ముడుచుకు కూర్చోవడం బాధ్యతగల సంస్థకు తగదు కనుక అభివృద్ధి మొదలుపెట్టాం. ముందుగా సోడా మూతలు పీకేసి నిజమైన మీటలు బిగించాం. నిజమైన మీటలు ఉన్నాక అవి దేనికో చెప్పాలి కదా. అందుకు ఒక శాస్త్ర సలహాదారును నియమించాం. నౌక ఎడమకు తిరిగే ముందు, అంతరిక్షంలో ఎడమ అంటే ఏమిటో ఆయన తొమ్మిది నిమిషాలు వివరించేవారు. వెంటాడుతున్న శత్రువులు కూడా ఆ తొమ్మిది నిమిషాలూ మర్యాదగా ఆగేవారు.

తర్వాత కెప్టెన్‌ను చంపాం. ఊరంతా ఏడ్చింది. ఏడుపు బాగా పండిందని, మరుసటి నెల బతికించి మళ్లీ చంపాం. ఆరోసారి చంపినప్పుడు ఎవరూ ఏడవలేదు గానీ, ‘ఈసారి ఎన్నాళ్లకొస్తాడు?’ అని రెండు ఫోన్లు వచ్చాయి. అప్పుడు కథా విభాగం వారు ఇంకో లోకం నుంచి ఇంకో కెప్టెన్‌ను, అతనికో కవలనూ దించారు. ముగ్గురూ ఒకే నటుడు. ఎవరు ఎవరో అతనికే తెలియక, ఒకరోజు తనను తానే ఖైదు చేయించుకుని విడిపించడం మరిచిపోయాడు. ఈ చిక్కుముడి విప్పడానికి కాలయంత్రం తెప్పించాం. కెప్టెన్ వెనక్కి వెళ్లి అంతా సరిచేశాడు. దీని ఫలితంగా, నూట నాలుగు భాగాలు శ్రద్ధగా చూసిన ప్రేక్షకులకు ఆ నూట నాలుగు భాగాలూ అసలు జరగనేలేదని తెలియజేయడమైనది. వారు దీన్ని ఎలా స్వీకరించారో తెలియదు. మర్నాడు అడుగుదామంటే వారు లేరు.

మిగిలినవారి సౌకర్యం కోసం మొదట్లో ‘జరిగిన కథ’ వేసేవాళ్లం. జరిగిందీ, జరిగి జరగకుండా పోయిందీ, ఇంకో లోకంలో జరిగిందీ అన్నీ చెప్పేసరికి ఇరవై నిమిషాలు పట్టేది. ధారావాహిక నిడివి ఇరవై రెండు. మిగిలిన రెండు నిమిషాలు సలహాదారుగారివి.

ఇలా అరవై లక్షలు ఆరు లక్షలై, ఆరు వేలై, చివరకు ఒకటి అయ్యాయి. టీవీలకు తగిలించిన లెక్కపెట్టెలు చెప్పే అంకె అది. దానికి మొహమాటం ఉండదు. ఆ ఉదయం డైరెక్టరుగారు సిబ్బందినంతా సమావేశపరిచారు.

“మిత్రులారా! పోటీ సంస్థలకు లక్షల మంది ఉంటే ఉండవచ్చు. వారిలో ఒక్కరి చిరునామా అయినా వాళ్లకు తెలుసా? మన ప్రేక్షకులందరినీ మనం ఒకే కుర్చీలో కూర్చోబెట్టగలం! ఇంతటి సాన్నిహిత్యం ప్రసార చరిత్రలో ఎవరికి దక్కింది? కానీ ఒక్క మాట. ఈ ఒకటి కూడా పోయిందా, శూన్యయానం ఆగిపోతుంది. మీరు మూడు వందల నలభై మందీ ఇళ్లకు పోతారు. నేను కూడా పోతాను!”

చివరి వాక్యం దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికింది. మేమందరం చప్పట్లు కొట్టాం.

ఆ ప్రేక్షకుడు ఎందుకు చూస్తున్నాడో తెలిస్తే, అదే ఇంకాస్త ఎక్కువ వడ్డించవచ్చునని నిర్ణయించి, ప్రశ్నాపత్రం తయారుచేసే పని నాకు అప్పగించారు. అరవై నాలుగు ప్రశ్నలు రాశాను. అరవై నాలుగోది అసలైనది. మీరు శూన్యయానం ఎందుకు చూస్తున్నారు? అ) శాస్త్ర విజ్ఞానం కోసం. ఆ) సాహసం కోసం. ఇ) నీతి కోసం. ఈ) ఇతరములు. ఆ ఇతరములు పక్కన ఏమిటో రాసుకోవడానికి ఒక చుక్కల గీత కూడా పెట్టాను. గీత ఉంటే కాగితం రెండో పేజీకి పోతుందని పరిశీలనా సంఘం అభ్యంతరం చెప్పింది. గంటన్నర చర్చ జరిగాక గీత తీసేశాను. ఆ గీత తీసేసింది ఈ చెయ్యే.

చిరునామా పట్టుకుని వెళ్తే అది ఇస్త్రీ దుకాణం. ముందు గదిలో బల్ల, బల్ల మీద మడత దుప్పటి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో పాత కాలిన మచ్చ. గోడ బీరువాలో చీటీలు గుచ్చిన బట్టల మూటలు. వాటి మధ్య ఒక మూటకు సరిపడా చోటు ఖాళీ చేసి టీవీ పెట్టారు. కిటికీకి ఒక రెక్క ఉంది; రెండోది గోడకు ఆనించి ఉంది. దుకాణం నడిపేది నడివయసు ఆవిడ. నేను ఫలానా అని చెప్పగానే స్టూలు తుడిచి వేసింది.

“కూర్చోండన్నయ్యా. మా ఆయన పనిచేసేది కూడా మీ దగ్గరే.”

“అలాగా! ఏ విభాగమమ్మా?”

“ఏడో నంబరు మరమనిషి.”

 మా నౌకలో పన్నెండు మంది మరమనుషులు ఉన్నారు. రేకు డబ్బాలో దూరి నడవడం వాళ్ల పని. ఏడో నంబరును పదకొండేళ్లుగా రోజూ చూస్తున్నాను. మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. అతను తల ఊడదీసేది భోజనం వేళ, ఆ వేళకు నేను భోజనానికి పోతాను. కుడికాలు కొంచెం ఈడుస్తాడని మాత్రం తెలుసు.

అరవై మూడు ప్రశ్నలకూ ఆవిడ ‘ఏమో’ అంది. అరవై నాలుగోది చదివాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నవ్వింది.

“నాకెందుకన్నయ్యా ఆ గొడవంతా? ఆయన్ని చూడ్డానికి చూస్తాను. ఇంట్లో ఆ మనిషి నా మాట వింటే ఒట్టు. ఆ కిటికీ రెక్క ఊడి రెండేళ్లయింది. బిగించవయ్యా అంటే, ‘చూద్దాంలే’ అంటాడు. అక్కడ కెప్టెన్ ‘ఏడో నంబరూ, ఎడమకి తిరుగు’ అనడం ఆలస్యం, గిరుక్కున తిరుగుతాడు! తలుపు తియ్యమంటే తీస్తాడు, మూసెయ్యమంటే మూసేస్తాడు. కళ్లారా చూసుకోవద్దూ?”

నేనూ నవ్వాను. ఆవిడ చొక్కా తిరగేసి, కాలరు మీద నీళ్లు చిలకరించింది.

“ఇంకోటి కూడా ఉందిలెండి. పొద్దున తీసింది సాయంత్రం వేసేస్తారటగా మీరు. ఆ రేకుల్లో ఉడికిపోయి వస్తాడు, నొప్పి అని ఒక్కనాడూ చెప్పడు. నడక చూస్తే నాకు తెలిసిపోతుంది, ఇవాళ కాలెలా ఉందో. ఎక్కువ ఈడుస్తున్నాడనుకోండి, ఇంటికొచ్చేసరికి వేన్నీళ్లు కాచి ఉంచుతాను. ఎలా తెలిసిందే నీకని ఆశ్చర్యపోతాడు, పిచ్చి మారాజు.”

పదకొండేళ్లలో శూన్యయానం గురించి ఇంత మంచి మాట నేను వినలేదు. కళ్లు చెమర్చాయి కూడా. దాన్ని ఎక్కడ రాయాలా అని కాగితం అటూ ఇటూ తిప్పాను. ఎక్కడా చోటు లేదు. ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టి వచ్చేశాను.

మర్నాడు నివేదిక చదివి డైరెక్టరుగారు బల్ల చరిచారు. “చూశారా! మన ప్రేక్షకురాలికి ఇతరములు కావాలి. ఇతరములు ఇవ్వండి!” వారంలోగా ఇతరముల విభాగం ఏర్పడింది. నౌకలోకి ఒక గారడీవాడిని, ఇద్దరు కుస్తీవాళ్లను, మాట్లాడే చిలుకను ఎక్కించారు. చిలుక సలహాదారుగారి కంటే క్లుప్తంగా మాట్లాడుతున్నందుకు ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకుని, తన ఉనికి చాటుకోవడానికి ఒక లోపం కనిపెట్టారు.

“ఇరవై మూడో శతాబ్దపు మరమనిషి కాలీడుస్తాడా? ఇది శాస్త్రానికే అవమానం! ఆ ఏడో నంబరును తీసేసి కంప్యూటరు బొమ్మను పెట్టాలి. బొమ్మకు కీళ్లనొప్పులు ఉండవు.”

నేను లేచాను. ఏడో నంబరును తీయకూడదని, మన ప్రేక్షకురాలు చూసేది అతన్నేనని చెప్పాను.

“నివేదికలో ఏ గడిలో ఉందది?” అన్నారు డైరెక్టరుగారు.

“గడి లేదండీ. ఆవిడ నోటితో చెప్పింది.”

“నివేదికలో లేనిది సమావేశంలోకి ఎలా వస్తుందయ్యా? కూర్చో.”

కూర్చున్నాను. నాకు కూర్చోవడం బాగా వచ్చు.

ఏడో నంబరుకు ప్రశంసాపత్రం ఇచ్చి పంపేశారు. అసలు పేరు రికార్డులో దొరకనందున ‘శ్రీ ఏడో నంబరు గారికి’ అని అచ్చు వేయించారు. సాయంత్రం ఆరింటికి కంప్యూటరు బొమ్మ రెండు కాళ్లూ సమానంగా వేస్తూ తెర మీదకు వచ్చింది. ఆరూ రెండుకు లెక్కపెట్టెల అంకె సున్నా అయింది. ప్రస్తుతం మన ధారావాహిక పట్ల అసంతృప్తిగా ఉన్న ప్రేక్షకులు ఒక్కరు కూడా లేరని డైరెక్టరుగారు ప్రకటించి, ఆ వారాంతానికి శూన్యయానాన్ని మూసివేశారు. ఏడో నంబరుతో కలిపి మూడు వందల ముప్పై తొమ్మిది మంది ఇళ్లకు పోయారు. డైరెక్టరుగారు పై పదవికి పోయారు. మూసివేతపై నివేదిక రాయాలి కనుక నేను మిగిలాను.

అప్పుడు మేలుకున్నారు మీరు. అంత గొప్ప ధారావాహికను అర్ధాంతరంగా ఆపుతారా అని సభలు పెట్టారు. అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని ఊరేగారు. తిరిగి ప్రసారం చేయాలంటూ నలభై లక్షల మంది సంతకాలు పెట్టారు. సంస్థ స్పందించి, మీరు ఎందుకు చూసేవారో చెప్పండని నలభై లక్షల మందికీ నా కాగితమే పంపింది. అందరూ ‘ఇతరములు’ దగ్గరే టిక్కు పెట్టారు. ప్రజలు ఏ కారణమూ లేకుండా చూశారనీ, ఏ కారణమూ లేకుండా మానేశారనీ నివేదిక రాసి దస్త్రం మూసేశాను.

మూడు నెలల తర్వాత రెండు చొక్కాలు పట్టుకుని ఆ దుకాణానికి వెళ్లాను. టీవీ ఉన్నచోట బట్టల మూట ఉంది. మూల స్టూలు మీద ఒక సన్నటి మనిషి కూర్చుని పత్రిక చదువుతున్నాడు. పదకొండేళ్ల తోటి ఉద్యోగి మొహం మొదటిసారి చూశాను. కిటికీ రెక్క ఇంకా గోడకే ఆని ఉంది.

“పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాడన్నయ్యా,” అంది ఆవిడ. “ఇప్పుడూ అదే మాట, చూద్దాంలే అని. ఆ కెప్టెన్‌ని ఓసారి మా ఇంటికి పంపకూడదూ?”

ఏం బుద్ధి పుట్టిందో, గొంతు సవరించుకుని కెప్టెన్ ధోరణిలో అన్నాను. “ఏడో నంబరూ! కిటికీ బిగించు!”

పత్రిక కింద పడింది. అతను చటుక్కున లేచి, గిరుక్కున ఎడమకి తిరిగి, కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్లి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వీధిలో పోతున్న ఒకాయన ఆగాడు. ఇంకొకరు ఆగారు. రెండో స్క్రూ దగ్గరికి వచ్చేసరికి ఇరవై ముగ్గురయ్యారు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.

“ఎవరండీ ఈయన?” అన్నాడు మొదట ఆగినాయన.

“శూన్యయానంలో ఏడో నంబరు.”

“అబ్బ! మా ఇంటిల్లిపాదికీ ప్రాణమండీ ఆ సీరియల్. మళ్లీ వెయ్యాలని నేను మూడు సంతకాలు పెట్టాను.”

“రోజూ చూసేవారా?”

“వేస్తేగా చూడ్డానికి!” అన్నాడు. మూడో స్క్రూ దగ్గర గడియారం చూసుకుని, “మొదట్లో బాగుంది గానీ, ఇప్పుడు సాగదీస్తున్నాడండీ,” అని వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతావారూ కదిలారు.

నాలుగో స్క్రూ బిగిసేసరికి ఆవిడా నేనూ మిగిలాం. నేను ఉన్నది నివేదిక కోసం కనుక నన్ను లెక్కించరాదు.