పదకొండు రోజుల్లో మహా నిష్ణాతుడు

కొత్త సంగీత సాఫ్ట్‌వేరును ఈ రచయిత పదకొండు రోజుల్లో ఆమూలాగ్రం నేర్చుకున్నాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ రచయితను నేనే. నా గురించి చెప్పేవాళ్లు వేరే ఎవరూ ఇంతవరకు దొరకలేదు.

అవసరం మా అక్కది. ఆమె బడిలో సంగీతం టీచరు. పిల్లలు తోసుకోకుండా వరుసలో నిలబడడానికి తానే ఒక పాట కట్టి, ముప్ఫై ఏళ్లుగా రోజూ పొద్దున్నే పాడుతోంది. పన్నెండు రోజుల్లో ఆమె గొంతుకు ఆపరేషను. తర్వాత మాట రావచ్చు గానీ పాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు.

"ఆ ఒక్క పాటా రికార్డు చేసి పెట్టరా. బడికి ఇచ్చేస్తాను" అంది అక్క.

మా ఇంటి వెనకగదిలో నాకో చిన్న రికార్డింగు స్టూడియో ఉంది. పదిహేనేళ్లుగా వాడుతున్న పాత సాఫ్ట్‌వేరుతో అది ఐదు నిమిషాల పని. కానీ అక్క గొంతును పాతదాంట్లో పెడతానా, ఎంత మాట. కొత్తది తెప్పించాను. మనసు వెనక్కి లాగకుండా పాతదాన్ని ఆ పూటే పీకిపారేశాను.

రెండు వందల పద్నాలుగు వీడియో పాఠాలు రెట్టింపు వేగంతో చూశాను. నాలుగో రోజుకి నేనూ అదే వేగంతో మాట్లాడుతున్నానని మా ఆవిడ అంది. ఆవిడే మరీ నిదానంగా మాట్లాడుతోందని నాకనిపించింది. మూడు రంగుల సిరాతో నోట్సు రాశాను. అందులో ఏది ఎక్కడుందో తెలియడానికి ఇంకో నోట్సు రాశాను. మొదట్లో 'ప్రాథమికం' అని ఉన్న మూడు పాఠాలను మాత్రం, నా అనుభవానికి అవమానమనిపించి, దాటేశాను.

శీఘ్రాభ్యాసకుల సంఘమని ఆన్‌లైన్‌లో ఒకటుంది, అందులోనూ చేరాను. పదకొండు వేల మంది సభ్యులు, అందరూ దిట్టలే. అక్కడ పాటలు పెట్టడం నిషేధం. చర్చ పక్కదారి పడుతుందట. తొమ్మిదో రోజున వాళ్ల పరీక్ష రాసి 'మహా నిష్ణాతుడు' అనే యోగ్యతాపత్రం సంపాదించి, ఫ్రేము కట్టించి మైకు పక్కనే తగిలించాను.

పదకొండో రోజు పొద్దున అక్క వచ్చింది. ఆమె మొదటిసారి పాడినప్పుడు, తెర మీద ఆమె గొంతుకు ఏ రంగు ఇవ్వాలా అని చూస్తున్నాను. రెండోసారి పాడినప్పుడు, ఏ హాల్లో పాడినట్టు వినిపించాలా అని నలభై రెండు హాళ్లు పరిశీలిస్తున్నాను.

"వదిన వచ్చి గంటన్నరైంది. ముందు ఆవిడ పాడింది పట్టుకోండి, సోకులు తర్వాత" అంది మా ఆవిడ.

"నిష్ణాతుల పనిలో వేలు పెట్టకు" అన్నాను, రెట్టింపు వేగంతో.

మూడోసారి అక్క కళ్లు మూసుకుని పాడింది. గొంతు బొంగురుపోయింది. అయినా గుమ్మంలో ఉన్న మా ఆవిడ తనకు తెలియకుండానే చేతులు దించి నిటారుగా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. తెర మీద గీతలు చక్కగా లేచి పడుతున్నాయి.

వెనక్కి తిప్పి విన్నాం. టక్, టక్, టక్, టక్. పాడేవాళ్లకు తాళం తప్పకుండా యంత్రం కొట్టే చప్పుడు రెండు నిమిషాల నలభై సెకన్లు, ఒక్క దెబ్బ పొల్లుపోకుండా వచ్చింది. అక్క గొంతు మాత్రం ఎక్కడా లేదు. తాళానికి రికార్డు చేసే ఎర్ర చుక్క దానంతట అదే వెలుగుతుందట. గొంతుకైతే మనం నొక్కాలట. అది మొదటి పాఠంలోనే ఉందట.

నాలుగోసారి పాడబోతే అక్కకు గొంతు పెగల్లేదు. "పోనీలేరా, కష్టపడి నేర్చుకున్నావు" అని నా తల మీద చెయ్యి వేసింది. మర్నాడు ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు చెప్పినట్టే అయింది.

నెల తర్వాత అక్క మళ్లీ వచ్చి, "ఆ టక్ టక్ అయినా వినిపించరా" అంది గుసగుసగా. వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా దానితోపాటే అక్క పెదవులు కదిలాయి. సిగ్గులేనివాణ్ణి, ఆ చప్పుడులో పదును కాస్త తగ్గిస్తే బాగుంటుందని నాకు సరిగ్గా అప్పుడే తోచింది.

తగ్గించి, సంఘంలో పెట్టాను. పాట లేదు గనక నిబంధనలేవీ అడ్డు రాలేదు. ఇంత శుభ్రమైన రికార్డింగు ఈమధ్య వినలేదని నాలుగు వందల మంది మెచ్చుకున్నారు. ఏ వెర్షనులో చేశారని అరవై మంది అడిగారు, అందరికీ ఓపిగ్గా జవాబిచ్చాను. ఫైలు పేరు 'అక్క పాట' అనే ఉంది. పాటేదని ఒక్కరూ అడగలేదు.