పటేలింటి గిర్ని

దయాకర్ రెడ్డి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున యాదగిరి వచ్చి జనరేటర్ బిగిస్తాడు. సాయంత్రం పార్టీ పెద్ద శ్రీపాల్ రెడ్డి వస్తాడు. ఊరంతా చీకట్లో ఉంటే ఈ ఇంట్లో మాత్రం ట్యూబులైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. ఆ చల్లగాలికి మెత్తబడిన శ్రీపాల్ రెడ్డి, సర్పంచ్ ఎన్నికల్లో తమ మద్దతు దయాకర్‌కేనని నలుగురిలో చెప్పి, కోడికూర తిని జీపెక్కుతాడు.

ఆ ఒక్క మాట కోసమే దయాకర్ ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నాడు. రఘునాథపల్లి దగ్గరి ఆ ఊరికి ఆయన తాతా, తండ్రీ పోలీసు పటేళ్లు. సర్కారు పటేల్‌గిరీలు రద్దు చేశాక కూడా జనం ఆయన్ని "పటేలా" అని పిలవడం మానలేదు. కాకపోతే పిలిచాక ఏం అడగాలో వాళ్లకూ తెలియదు, ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదు. కిందటిసారి సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయాడు. ఇంకోసారి ఓడితే ఊళ్లో తలెత్తుకోలేనని భార్య కౌసల్యతో రోజూ అనేవాడు. అలా అన్నప్పుడు ఆయన ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వారం దాటింది. అందుకని హనుమకొండ నుంచి ఒక ఆయిలింజనూ, బెల్టుతో దానికి తగిలించే కరెంటు మిషనూ తెప్పించాడు. వాటిని బిగించడానికి జనగామలో మోటర్లు చుట్టే యాదగిరిని పిలిపించాడు. యాదగిరి పనిమంతుడే గానీ, చేతులకన్నా నోటికి పని ఎక్కువ చెప్పే రకం.

గేటు పక్కన రేకుల కింద ఇంజను పెట్టి, బెల్టు తగిలించి, హ్యాండిల్ తిప్పితే అది గుర్రుమని లేచింది. పొగగొట్టంలో పిచ్చుకలు దూరకుండా యాదగిరి దాని మూతికి ఒక ఖాళీ రేకుడబ్బా కట్టాడు. పొగ తగిలినప్పుడల్లా డబ్బా టక్కుటక్కున కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంతా అయ్యాక అతనికి అసలు సంగతి గుర్తొచ్చింది. తీగల కరెంటు నుంచి ఇంజను కరెంటుకు మార్చే పెద్ద స్విచ్ దుకాణంలోనే మరిచిపోయి వచ్చాడు.

"జనగామకు పొయ్యి పట్కొస్త పటేలా. ఇంజను మాత్రం బంద్ చెయ్యకు. కొత్తది, నడిస్తెనే సాపైతది. బంద్ చేస్తివంటె మల్ల నా చేతులకే లేస్తది, ఇంకెవ్వలకు లెవ్వది."

"ఎప్పుడొస్తవ్?"

"గిట్ల పొయ్యి గట్ల రానా," అని యాదగిరి బస్సెక్కాడు.

డబ్బా కట్టడంలో యాదగిరి తప్పేమీ లేదు. అతనిది ఆ ఊరు కాదు. కరెంటు రాకముందు ఊళ్లో పిండి గిర్ని ఆయిలింజను మీద నడిచేది. దాని పొగగొట్టానికి సరిగ్గా ఇలాంటి డబ్బానే కట్టేవారు. అది టక్కుటక్కుమంటే గిర్ని తెరిచినట్టు, ఆగితే మూసినట్టు. కరెంటు మోటర్ వచ్చాక ఆ చప్పుడు పోయింది గానీ, ఊరి చెవులు దాన్ని మరిచిపోలేదు. అందులోనూ కరెంటు లేక వారం నుంచి గిర్ని మూతపడి, ఏ ఇంట్లోనూ పిడికెడు పిండి లేదు.

ముందుగా బాలనర్సమ్మ వచ్చింది, నెత్తిన జొన్నల గంపతో.

"మంచిపని చేసినవ్ పటేలా. రొట్టె మొఖం జూసి ఎన్ని దినాలాయె," అంటూ గంప ఇంజను ముందు దించింది.

ఇది గిర్ని కాదన్న మాట దయాకర్ నాలుక చివరిదాకా వచ్చింది. అయితే బాలనర్సమ్మకు కొడుకులూ కోడళ్లూ నిండుగా ఉన్నారు. ఆమె ఎటంటే వాళ్లంతా అటే ఓటేస్తారు. ఆయన ఆ మాటను మింగేశాడు.

"కూసో బాలనర్సమ్మా. జర టైం పడ్తది," అన్నాడు.

ఆమె వెనక ఓదెమ్మ బియ్యం తెచ్చింది. ఆమె వెనక ఇంకెవరో పసుపు కొమ్ములు తెచ్చారు. గంపలు వరుసగా గేటు దాటాయి. కౌసల్య మొగుణ్ని లోపలికి పిలిచింది.

"గిది గిర్ని గాదని చెప్పరాదుండ్రి."

"ఇప్పుడు పొమ్మంటె ఓట్లు పోతయ్."

"పిండి పట్టకుంటె పోవా?"

"శ్రీపాల్ రెడ్డి సాబ్ వచ్చి పోనియ్యి. గప్పుడు చెప్త."

"అయితె ఇంజనన్న బంద్ చెయ్యుండ్రి. అది మొత్తుకుంటుంటెనే గద వస్తున్నరు."

"బంద్ చేస్తె మల్ల లెవ్వదంట. సాబ్‌ను చీకట్ల కూసోవెట్టాల్నా?"

ఇంజను నడుస్తూనే ఉంది, జనం వస్తూనే ఉన్నారు. ఓదెమ్మ ఇంజను చుట్టూ తిరిగి చూసి, "పిండి పట్టే రాయేది పటేలా?" అని అడిగింది. దయాకర్ ధ్యాసంతా స్విచ్ మీద ఉంది. "జనగామ నుంచి వస్తున్నది," అనేశాడు. వరుస చివరి దాకా వెళ్లేసరికి ఆ మాట, పటేల్ జనగామ నుంచి కొత్తరాయి తెప్పిస్తున్నాడని స్థిరపడింది. ఇంకొకామె పిండి పట్టుడుకు ఎంత తీసుకుంటావని అడిగింది. ఓటరు దగ్గర పైసలడిగేంత తెలివితక్కువవాడు కాదు దయాకర్. "మీ దగ్గర నేను పైసలు తీస్కుంటనా?" అన్నాడు. దాంతో ఇది పుకట్ గిర్ని అయిపోయింది.

పుకట్ అన్న మాట ఇంజను చప్పుడు కన్నా దూరం వెళ్లింది. మధ్యాహ్నానికి లింగాల ఘనపూర్ దారి నుంచి కూడా ఎడ్లబండ్లు వచ్చాయి, మిరపకాయల బస్తాలతో సహా. వాళ్లకు ఆ ఊళ్లో ఓటే లేదు. అయినా దయాకర్ వాళ్లకూ మంచినీళ్లు ఇప్పించాడు.

ఎండ కాస్త తగ్గేసరికి, ఊళ్లో గిర్ని నడిపే పోశాలు తువ్వాల భుజాన విసురుకుంటూ వచ్చాడు. అతని గొంతు ముందు ఇంజను చప్పుడు కూడా చిన్నబోయింది.

"కరెంటు లేక నేను పరేషాన్ల ఉంటె, నువ్వు పుకట్ గిర్ని పెడితివా పటేలా? నా కడుపు మీద కొడ్తివి గద."

"అది గాదు పోశాలూ, జర ఇటు రా..."

పోశాలు ఇటు రాలేదు. నేరుగా ఇంజను దగ్గరికి పోయి, బెల్టు వెంబడి కళ్లు నడిపించి, చివరన ఉన్న కరెంటు మిషను దగ్గర ఆగాడు. అతని కోపం కాస్తా నవ్వయింది.

"ఏమ్మా, మీరందరు దేని ముందట కూసున్నరు? దీనికి రాయి లేదు, పాడు లేదు. గిది లైట్లు వెలిగే మిషను."

బాలనర్సమ్మ మెల్లగా లేచింది.

"పొద్దటి సంది మమ్ముల ఎందుకు కూసోవెట్టినవ్ పటేలా?"

దయాకర్ దానికి ఏదో ఒకటి చెప్పబోయాడు. చెప్పే వ్యవధి లేకపోయింది. జీపు హారన్ మోగింది. శ్రీపాల్ రెడ్డి దిగి, వాకిలి నుంచి రోడ్డు దాకా ఉన్న జనాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

"ఏం దయాకర్, ఇంతమంది నీ కోసమేనా?"

"పొద్దటి సంది ఈడనే ఉన్నరు సాబ్," అన్నాడు దయాకర్. ఆ రోజు ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

"ఉన్నం సారూ, పిండి కోసం," అని బాలనర్సమ్మ మిగతా నిజం కూడా చెప్పేసింది.

శ్రీపాల్ రెడ్డి గంపలవంక చూశాడు, దయాకర్‌వంక చూశాడు. ఈలోగా పోశాలు ముందుకొచ్చాడు.

"పటేలా, ఇంజను నాకియ్యి. మా నాయిన కాలం బెల్టు చక్రం ఇంకా గిర్నిలనే ఉన్నది. బెల్టు తగిలిస్త. గిసొంటి ఇంజను హ్యాండిల్ తిప్పి తిప్పే నా చేతులు కాయలు కాసినయ్."

జనమంతా దయాకర్‌నే చూస్తున్నారు. పొద్దున బాలనర్సమ్మకు ఎందుకు కాదనలేకపోయాడో, ఇప్పుడు పోశాలుకూ అందుకే కాదనలేకపోయాడు.

"తీస్కపో," అన్నాడు.

ఇంజను ఆగింది. దాన్ని ఎడ్లబండి మీదికి ఎక్కించారు. డబ్బా ఊడకుండా పోశాలు దాన్ని గట్టిగా బిగించి, బండి మీద నిలబడి కేకేశాడు.

"మొదలు బియ్యం, ఆ తర్వాత జొన్నలు, ఎనుక పసుపు. మిరపకాయలోళ్లు ఆఖరుకు రాండ్రి, లేకుంటె అందరి పిండి మండుతది. బాలనర్సమ్మా, నీ గంప ఓదెమ్మ ఎనుక, మరువకు."

గంపలన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. బండి వెనక ఊరంతా కదిలింది. శ్రీపాల్ రెడ్డి కూడా నడిచాడు. వాకిట్లో ఒంటరిగా మిగిలిన దయాకర్ పక్కనుంచి కౌసల్య జొన్నల చాట పట్టుకుని పోయింది.

"నువ్వు గూడనా?"

"ఇంట్ల పిండి లేదు," అందామె. ఆగలేదు.

శ్రీపాల్ రెడ్డి చీకటిపడే వేళకు తిరిగొచ్చాడు. మీసాల మీద పిండి ఉంది. కోడికూర వద్దన్నాడు, గిర్ని దగ్గర ఎవరో వేడివేడి రొట్టె పెట్టారట.

"ఇంజనిచ్చి మంచిపని చేసినవ్ దయాకర్. గానీ జనం ఎవల ఎనుక నడుస్తున్నరో నువ్వు గూడ చూస్తివి గద. ఈసారి పోశాలును నిలబెడ్దాం," అని భుజం తట్టి జీపెక్కాడు.

దయాకర్ అరుగు మీద కూలబడ్డాడు. యాదగిరి అప్పుడు వచ్చాడు, స్విచ్ చంకన పెట్టుకుని. ఖాళీగా ఉన్న రేకుల కిందికి చూసి గాభరాపడ్డాడు.

"బంద్ చెయ్యొద్దంటి గద పటేలా."

"నడుస్తనే ఉన్నది, ఇను," అన్నాడు దయాకర్. గిర్ని వైపు నుంచి డబ్బా టక్కుటక్కున వినిపిస్తోంది.

ఒప్పుకున్న పని వదిలిపెట్టే అలవాటు లేని యాదగిరి, లాంతరు వెలుగులో ఆ స్విచ్‌ను గోడకు బిగించి, బాగా పనిచేస్తోందని చెప్పి పోయాడు. పైకి వేస్తే చీకటి, కిందికి వేస్తే చీకటి.